సుగ్గికి పోయిన పిల్లలకు వారానికి ఒక ఫోన్ కాల్

సంపాదకులకు,

నమస్కారం. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వవచ్చా, కూడదా అన్న చర్చ కొంతకాలంగా మీ ఉత్తరాల పేజీలో సాగుతోంది. ఇవ్వాలన్నవారూ వద్దన్నవారూ కూడా ఫోన్ అనగానే స్మార్ట్‌ఫోన్‌నే తలచుకుంటున్నారు; ఫోన్‌లో చదువు అనగానే యాప్ గురించో వీడియో పాఠం గురించో మాట్లాడుతున్నారు. కూలికి పోయే తండ్రి చొక్కా జేబులో ఉండే బటన్ ఫోన్, అంటే మాట్లాడటానికి, సందేశం అందుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని ఆ చిన్న ఫోన్, ఈ చర్చలో ఎక్కడా రాలేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లు సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసి విరమించినవాడిగా ఆ ఫోన్ తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది. చదువులో వెనుకబడిన పిల్లలకు సుగ్గి (కుటుంబాలు కూలి పనికి ఊరు విడిచి వలసపోయే కాలం) నెలల్లోనూ వేసవి సెలవుల్లోనూ టీచరు వారానికి ఒకసారి ఫోన్ చేసి ఇరవై నిమిషాలు లెక్కలు చెప్పే పద్ధతిని ప్రభుత్వం అధికారికంగా ప్రవేశపెట్టాలన్నది నా విన్నపం.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. ఆఫ్రికా దక్షిణ భాగాన, పాతిక లక్షల లోపు జనాభా గల బోట్స్‌వానాలో దీన్ని పకడ్బందీగా పరీక్షించి చూశారు. 2020 మార్చిలో కరోనా వల్ల అక్కడి బడులు మూతపడబోతున్న సమయంలో యంగ్ లవ్ అనే స్వచ్ఛంద సంస్థ పాఠశాలల నుంచి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు సేకరించింది. మూడు నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలున్న సుమారు 4,500 కుటుంబాలను చీటీలు తీసినట్టుగా మూడు జట్లు చేసింది. మొదటి జట్టుకు వారం మొదట్లో కొన్ని చిన్న లెక్కలు సందేశంగా పంపారు. రెండో జట్టుకు ఆ సందేశంతోపాటు బోధకుడు ఫోన్ చేసి, పిల్లవాణ్ణి పిలిపించి, ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టించి, పదిహేను ఇరవై నిమిషాలు అవే లెక్కలు చేయించాడు. మూడో జట్టుకు ఏమీ పంపలేదు. కొన్ని వారాల తర్వాత పరీక్షించి చూస్తే, సందేశం మాత్రమే అందుకున్న పిల్లలకూ ఏమీ అందని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఫోన్ కాల్ అందుకున్న పిల్లలు మాత్రం కూడికలు, తీసివేతలు, భాగహారాల్లో స్పష్టంగా ముందున్నారు. ఈ ఫలితాలు 2022లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో అచ్చయ్యాయి.

ఒక చిన్న దేశంలో కుదిరింది కాబట్టి అంతటా కుదురుతుందని ఎలా నమ్మడమని ఎవరైనా అడగవచ్చు. పరిశోధకులకూ అదే సందేహం కలిగి, భారతదేశం, కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండా దేశాల్లో 16,000కు పైగా పిల్లలతో మళ్లీ చేసి చూశారు. ఆ ఐదు దేశాల్లో సందేశాలు మాత్రమే పంపినప్పుడు కలిగిన మేలు స్వల్పమే. కాల్ కూడా తోడైనప్పుడు కలిగిన మేలు దానికి సుమారు నాలుగు రెట్లుంది. సంస్థల బోధకులు ఫోన్ చేసినా ప్రభుత్వ ఉపాధ్యాయులు ఫోన్ చేసినా ఫలితం ఒకేలా వచ్చిందన్న విషయం నాకు మరీ ముఖ్యంగా తోచింది. సర్కారు బడి టీచర్ల వల్ల ఏమవుతుందిలే అనేవారి సంఖ్య తక్కువేమీ కాదు గనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

మా ప్రాంతానికి దీనితో ఏమి సంబంధమో తెలియాలంటే ముందు సుగ్గి గురించి చెప్పాలి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, దీపావళి దాటిందంటే కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు పత్తి తీతకు, మిరపకాయల కోతకు కదులుతాయి. దాన్నే మేము సుగ్గికి పోవడం అంటాము. ఉగాది దగ్గరపడితే గానీ తిరిగి రారు. అవ్వాతాతల దగ్గర ఉండగలిగిన పిల్లలు ఉంటారు. ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద తెరిచే సీజనల్ హాస్టళ్లలో కొందరు చేరతారు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి తొమ్మిది పదేళ్ల ఆడపిల్లలు మాత్రం ఎక్కువగా తల్లి వెంటే వెళ్తారు. హాజరు పట్టీలో వరుసగా నాలుగు నెలలు గైర్హాజరు పడిన ఆ పిల్ల ఉగాది తర్వాత బడికి వస్తే, సుగ్గికి పోకముందు నేర్చుకున్న ఎక్కాలు కూడా మర్చిపోయి ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరుకు వేసవి సెలవులు మొదలవుతాయి. అంటే ఏడాదిలో దాదాపు సగం ఆ పిల్లకు బడి లేనట్టే.

ఉద్యోగంలో నా చివరి రెండు సుగ్గులకు, పై అధికారుల ఆదేశం ఏదీ లేకపోయినా, నేను నా తరగతి పిల్లలకు ఫోన్ చేశాను. మొదటి ఏడాది తొమ్మిది మందికి, రెండో ఏడాది పద్నాలుగు మందికి. పగలంతా చేనులో ఉంటారు కాబట్టి రాత్రి ఏడున్నర ఎనిమిదికి, వాళ్లు గుడారాలకు చేరి పొయ్యి వెలిగించుకునే వేళ చూసుకుని చేసేవాణ్ణి. మొదటి వారం తండ్రులందరూ కంగారు పడ్డారు. ‘టీసీ తీసుకోమంటారా సార్?’ అని ఒకాయన, ‘అమ్మ ఒడి డబ్బులు ఆగిపోయినాయా?’ అని మరొకాయన. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఏదో కీడే అనుకునే స్థితిలో తల్లిదండ్రులను ఉంచింది మనమే. ఇద్దరి నంబర్లకు కాల్ పోలేదు. విచారిస్తే రీచార్జి అయిపోయి సిమ్ మార్చారని తెలిసింది. ఆ ఇద్దరినీ వాళ్ల మేస్త్రీ, అంటే కూలీల గుంపును వెంటబెట్టుకుపోయే పెద్ద, ఫోన్ ద్వారా పట్టుకున్నాను. ఒక గుంపులో ముప్పై మంది మారినా మేస్త్రీ నంబరు మారదని అప్పుడే నేర్చుకున్నాను.

నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయితో జరిగిన సంభాషణ ఇక్కడ రాస్తాను. వాళ్ల నాన్న రోజుకు 45 కిలోల కాయలు కోస్తే, అమ్మ 38 కిలోలు కోస్తే, ఇద్దరూ కలిసి ఎన్ని కిలోలు కోసినట్టు అని అడిగాను. కాసేపు మౌనం. వెనుక కుక్కలు మొరుగుతున్న చప్పుడు, ఎవరో చంటిబిడ్డను జోకొడుతున్న చప్పుడు. తర్వాత ఎంతో ధైర్యంగా ‘ఏడునూర్ల పదమూడు సార్’ అంది. తప్పు అనలేదు నేను. ‘ఎట్ల చేసినావు తల్లీ, చెప్పు’ అన్నాను. ‘నాలుగూ మూడూ ఏడు, అయిదూ ఎనిమిదీ పదమూడు. ఏడు రాసి పక్కన పదమూడు రాసినా సార్.’ ఒక్క వాక్యంలో పిల్ల తప్పు ఎక్కడుందో బయటపడింది. ఆమెకు కూడిక వచ్చు. అంకెల్లో పొరపాటు లేదు. ఒకట్ల స్థానంలో వచ్చిన పదిని పదుల స్థానానికి మోసుకుపోవాలన్నది మాత్రం తెలియదు. ‘మీ నాయనా మీ అమ్మా ఒక్కరోజులో ఏడునూర్ల కిలోలు కోస్తే మేస్త్రీ ఎంత సంబరపడతాడో!’ అన్నాను. ఆ పిల్ల నవ్వింది. పక్కనున్న వాళ్ల నాన్నా నవ్వాడు. ఆ తర్వాత కిలోలను పది పదిగా కుప్పలు పెట్టమన్నాను. నాన్నవి నాలుగు కుప్పలూ ఐదు కిలోలూ, అమ్మవి మూడు కుప్పలూ ఎనిమిది కిలోలూ. విడిగా మిగిలిన పదమూడు కిలోల్లోంచి ఇంకో కుప్ప కట్టవచ్చని ఆమే కనిపెట్టి, ‘ఎనిమిది కుప్పలు, మూడు కిలోలు. ఎనభైమూడు సార్’ అంది. అప్పటికి పదకొండు నిమిషాలైంది.

ఇదే లెక్క ఏ యాప్‌లోనైనా ఇస్తే 713 అని కొట్టగానే ఎర్రటి ఇంటూ గుర్తు పడుతుంది, లేదా సరైన జవాబు తెరమీద కనిపిస్తుంది. ఎలా చేశావమ్మా అని అడగడం, పిల్ల చెప్పింది విని ఆ తప్పు వెనక ఉన్న ఆలోచనను పట్టుకోవడం, అది పోవడానికి పిల్ల కళ్లముందున్న మిరపకాయల కుప్పనే వాడుకోవడం మనిషి చేయగల పని. వచ్చే కాలంలో యంత్రాలు కూడా చేస్తాయేమో, చేయనివ్వండి. ఇవాళ కోసిగి మండలంలో ఒక టీచరు, గుంటూరు చేలల్లో ఒక పిల్ల, ఇద్దరి దగ్గరా ఫోన్లూ ఉన్నాయి. ఆ ఇద్దరి మధ్య కాల్ మాత్రమే లేదు.

ఆడపిల్లల విషయంలో నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన అది అమ్మాయి చేతికి రాదు. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలోని అసర్ సర్వే 2023లో గ్రామీణ ప్రాంతాల్లోని 14 నుంచి 18 ఏళ్ల వారిని అడిగినప్పుడు, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతమని తేలింది. చిన్న తరగతుల్లో సొంత ఫోన్ అన్న మాటే ఉండదు; నాన్నది అన్న అడుగుతాడు, అన్న వదిలితే తమ్ముడు తీసుకుంటాడు. కానీ సార్ స్వయంగా ఫోన్ చేసి ‘అమ్మాయిని పిలవండి’ అన్నప్పుడు కాదనే తండ్రిని నేను చూడలేదు. ఆ ఇరవై నిమిషాలు ఫోన్ ఆమెది. ఫోన్ అడిగి తీసుకుని పాఠం వెతుక్కోవలసిన పనిలేదు. పాఠమే ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది.

సందేశాల సంగతికి వస్తే నైజర్ దేశపు అనుభవం చెప్పుకోదగ్గది. చాలా భాగం సహారా ఎడారే అయిన ఆ పేద దేశంలో 2009 నుంచి 113 గ్రామాల్లో వయోజన విద్యా కేంద్రాలు నడిపి, వాటిలో కొన్నింట అక్షరాలతోపాటు మామూలు ఫోన్ వాడకం కూడా నేర్పారు. ఐదుగురికి ఒక ఫోన్. తమ మాతృభాషలైన హౌసాలో, జర్మాలో చదవడం రాయడం నేర్చుకుంటూనే వాళ్లు ఆ భాషల్లో సందేశాలు పంపుకున్నారు. ఫోన్ నేర్పిన గ్రామాల వారికి మిగతా గ్రామాల వారికంటే మంచి మార్కులు వచ్చాయి. అంతకుముందు వాళ్లూ మనలాగే మిస్డ్ కాల్ ఇచ్చి పని గడుపుకునేవారట. అక్షరం రాగానే ఎంత ఖర్చులో ఎంత మాట చెప్పవచ్చో తెలిసింది. నేర్చుకున్న అక్షరానికి వెంటనే ఒక పని దొరికితే అది మరుపునపడదు.

మన దగ్గర దీనికి ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో పంపితే 70 మాత్రమే. పైగా మనం ఒక అక్షరం అనుకునేదాన్ని ఫోన్ ముక్కలు ముక్కలుగా లెక్కిస్తుంది. ‘లెక్క’ అన్న మాట మనకు రెండక్షరాలు, ఫోన్‌కు ఐదు. ‘ఒక సంచిలో 45 కిలోలు, ఇంకో సంచిలో 38 కిలోలు. మొత్తం ఎన్ని?’ అన్న ఒక్క ప్రశ్నకే, ఖాళీలతో కలిపి లెక్కపెట్టి చూశాను, 57 ఖర్చవుతాయి. రెండు లెక్కలు పంపాలంటే రెండు సందేశాలు కావాలి. పాత ఫోన్లలో తెలుగు రానే రాదు. అక్షరాలకు బదులు గళ్లు కనిపిస్తాయి. ఈ బాధ పడలేక కొందరు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపుతారు. ‘lekka’ అన్న తీరులో వచ్చే ఆ రాతను నాలుగో తరగతి పిల్ల చదవలేదు, వాళ్ల అమ్మ అసలే చదవలేదు. కాబట్టి సందేశాన్ని గుర్తుకోసం అంకెల వరకే వాడి (45 + 38 అని పంపితే ఏ భాషలోనైనా ఒకటే), పాఠాన్ని గొంతుతో చెప్పడమే మన పరిస్థితికి సరిపోతుంది. బంగ్లాదేశ్‌లో 2009లో మొదలైన బీబీసీ జనాలా కూడా 3000 నంబరుకు డయల్ చేసినవారికి మూడు నిమిషాల ఇంగ్లీషు పాఠాలు గొంతుతోనే వినిపించింది. అయితే అది ముందే రికార్డు చేసిన పాఠం. అవతలివారు ఏ తప్పు చేశారో దానికి వినపడదు.

వస్తువు పంచితే చదువు వస్తుందన్న నమ్మకం మన రాష్ట్రాలకే పరిమితమైనది కాదు. పెరూ దేశం పల్లెటూరి బడి పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 పాఠశాలల్లో పదిహేను నెలల తర్వాత పరీక్షించి చూస్తే గణితంలోనూ భాషలోనూ మెరుగుదల కనిపించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థులకూ వాళ్ల టీచర్లకూ ట్యాబ్‌లు పంచారు. మొదటి విడతలోనే అవి ఐదు లక్షలు దాటాయి. వాటి వల్ల కొంత మేలు జరిగే ఉంటుంది. నేను చెప్పదలచిన విషయం వేరు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మూడో తరగతి తీసివేత రాని పిల్లవాడికి ట్యాబ్‌లో ఎనిమిదో తరగతి పాఠమే కనిపిస్తుంది. ఇక స్మార్ట్‌ఫోన్ గురించి మన అందరి ఇళ్లలోనూ రోజూ చూస్తున్నదే. అసర్ 2024 నివేదిక ప్రకారం స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారం చదువు కోసం దాన్ని వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. బటన్ ఫోన్‌లో రీల్స్ రావు. ఫోన్లు వద్దంటున్న మీ పాఠకులకు కూడా ఇందులో అభ్యంతరం ఉండకూడదు.

టీచర్ల నుంచి అభ్యంతరం రాదని మాత్రం నేననలేను. వస్తుంది, రావాలి కూడా. ఫోన్ అంటే ఇవాళ టీచరుకు ముఖ హాజరు, భోజనం ఫొటో, కిట్ల వివరాలు. కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా. సిగ్నల్ కోసం బడి గోడ ఎక్కి నిల్చున్న సహోద్యోగులను ఎరుగుదును. ఇప్పుడు రాత్రిపూట కాల్స్ కూడా చేయమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మా ఇంట్లోనే ‘బడి అయిపోయినా మీకు బడి వదల్లేదు’ అన్న దెప్పు రెండు సుగ్గులూ విన్నాను. అందుకే ఇది టీచరు దయాధర్మంగా కాకుండా పనిగా ఉండాలంటున్నాను. లెక్క చూడండి. పదిహేను మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు; మొత్తం మూడు వందల నిమిషాలు, అంటే వారానికి ఐదు గంటలు. సుగ్గి నెలల్లో ఈ ఐదు గంటలకు బదులుగా ఆ టీచరుకు ఇతర పనుల నుంచి అన్ని గంటలూ మినహాయింపు ఇవ్వాలి. వేసవిలో చేసేవారికి సంపాదిత సెలవు జమ చేయాలి. టీచరు చేయలేని చోట, డైట్ కళాశాలల్లో డీఎడ్, అంటే టీచరు శిక్షణ కోర్సు, చదువుతున్న అభ్యర్థులకు వారి బోధనాభ్యాసంలో భాగంగా ఐదుగురేసి పిల్లలను అప్పగించవచ్చు. ఒక పిల్ల తప్పును చెవితో విని పట్టుకోవడం కంటే మంచి శిక్షణ వాళ్లకు ఏ తరగతి గదిలోనూ దొరకదు. టీచర్ల సొంత ఫోన్లలో ఇప్పటికే అపరిమిత కాల్స్ ఉన్నాయి. ఇన్‌కమింగ్ కాల్‌కు తండ్రికి పైసా ఖర్చుండదు, సిమ్ బతికి ఉంటే చాలు. మాటలకూ సందేశాలకూ మాత్రమే పనికొచ్చే ప్యాకులు విడిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది కాబట్టి, సుగ్గికి పోయే కుటుంబాలకు ఆ నాలుగు నెలల రీచార్జిని సమగ్ర శిక్ష నిధుల నుంచి చేయించడం సీజనల్ హాస్టల్ ఖర్చులో చిల్లర కిందికి కూడా రాదు.

దయచేసి దీనికి యాప్ పెట్టవద్దు. ఎన్ని కాల్స్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు, స్క్రీన్‌షాట్ ఎక్కించండి అన్న ఆదేశం వచ్చిన రోజున అసలు పని ఆగి, ఎక్కించే పని మిగులుతుంది. నేను వాడింది నలభై పేజీల నోటుపుస్తకం. పిల్లకు ఒక పేజీ. తేదీ, ఇచ్చిన లెక్క, పిల్ల చెప్పిన జవాబు, పిల్ల చెప్పిన కారణం. ఉగాది తర్వాత ఆ అమ్మాయి బడికి వచ్చినప్పుడు ఆ పేజీ తెరిస్తే ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలో నాకు తెలిసేది. చుట్టుపక్కల బడుల టీచర్ల క్లస్టర్ సమావేశానికి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు నెలకోసారి ఆ పుస్తకాలు తెప్పించుకుని చూస్తే తనిఖీ అయిపోతుంది.

ఫోన్‌తో అన్నీ నేర్పలేమని నాకు తెలుసు. రెండు సుగ్గుల్లోనూ చదవడం నేర్పడంలో నేను విఫలమయ్యాను. పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిన ముగ్గురు పిల్లలతో పేజీ నంబరు చెప్పి చదివించగలిగాను, మిగతావారితో కథలు చెప్పించడం వరకే సాగింది. నాలుగు కాల్స్ తర్వాత ఎత్తడం మానేసిన ఇంటివారూ ఉన్నారు. పద్నాలుగు మందిలో పది మంది చివరిదాకా నిలిచారు.

ఈ ఏడాది సుగ్గికైనా మొదలుపెట్టాలనుకుంటే విద్యాశాఖ వెంటనే చేయవలసిన పని ఒకటుంది. దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలోనే, సుగ్గికి వెళ్లే ప్రతి ఇంటి నుంచి మూడు నంబర్లు తీసుకోవాలి: తండ్రిది, తల్లిదో మేనమామదో ఇంకొకటి, గుంపు మేస్త్రీది. దీపావళి దాటితే లారీలు కదులుతాయి. ఆ తర్వాత అడగడానికి ఊళ్లో ముసలివాళ్లే ఉంటారు, వాళ్లకు నంబర్లు తెలియవు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమికోపాధ్యాయుడు,
ఆదోని ప్రాంతం, కర్నూలు జిల్లా